ఏరుంటే ఒక రేటు

నెరబైలు దాటినాక, చింతచెట్ల కింద
మట్టిరోడ్డు రెండుగా చీలిన చోట
రేకు మీద నీలం రంగుతో రాసుంది:
ఏటి గట్టున గది. వేడినీళ్లు కలవు.

ఏరేదీ అని అడిగాం.
చెంగల్రాయుడు గడ్డం గోక్కుంటా
గది వెనక్కి తీసకపోయి చూపించాడు.
ఇసక. గుండ్రాళ్లు.
నడిమధ్యన ఒక మేక, దాని నీడ.

"ఏరుంటే పదహైదు నూర్లు, లేకుంటే తొమ్మిది నూర్లు సామీ.
ఇప్పుడు లేదు గదా, తొమ్మిదే ఈండి."
న్యాయం తెలిసిన మనిషి.
మా ఆయన ఎనిమిదికి దించాడు.
లేని ఏటికి ఎంతిచ్చినా ఎక్కువేనని ఆయన వాదన.

పదకొండేళ్ల కాపురం మాది.
ఆయనకి అలిపిరి గేటు కాడ రాత్రి డ్యూటీ,
కార్ల డిక్కీల్లోకి టార్చి కొట్టి చూసే పని.
నాకు కొండమీద పగలు, కత్తి పని.
దినానికి ముప్పై తలలు, సెలవుల్లో యాభై.
ఎవరి మొక్కో, ఏం బాధో అడగను,
వంచిన మెడ చూస్తే కొంచెం తెలుస్తుంది.
ఆయన గడపలో చెప్పులు విడిచే వేళకి
నేను బస్సులో కిటికీ పక్కన కునుకుతుంటాను.
మా ఇంట్లో పరుపుకి ఒకే గుంట.
వంతులేసుకుని ఇద్దరం దాన్నే లోతు చేశాం.

ఇక్కడ రెండు మంచాలు, ఒక ఎర్ర బకెట్టు,
గోడమీద అడవి పార్కు వాళ్లిచ్చిన క్యాలెండరులో దేవాంగపిల్లి.
తెల్లారి ఇల్లు చేరే మా ఆయన కళ్లే దానికి.

పొన్నెమ్మ సంగటి ముద్దలు తెచ్చింది, ఊరిబిండి తెచ్చింది.
"పొద్దు గుంకినాక ఆ తెల్లరాయి దాటబాకండి.
ఆడి నుంచి పార్కు గీత.
గీత మనకే, ఎలుగుబంటికి తెలీదు."

దీపం ఆర్పినాక
ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తోచలేదు.
ఒకే చీకట్లో పడుకోవడం కొత్త.
గ్యాసు బండ గురించి కాసేపు మాట్లాడాం.

రెండు దాటాక తట్టి లేపాడు.
"నీకు గురకుందే, ధనం!"
పదకొండేళ్లకి బయటపడింది.
నవ్వు ఆగక లేచి కూర్చున్నప్పుడు వినిపించింది:
తడిపిన జుట్టులోకి కత్తి దిగేటప్పటి సన్నని చప్పుడు.
నా చెవికి అది తప్పు పోదు.
అయినా ఇక్కడ ఎవరి తల?

తలుపు తీశాం.
పైన తలకోన వైపు ఎప్పుడు కురిసిందో,
ఎండుటాకుల్ని ముందు తోసుకుంటా
నాలిక మందాన వస్తా ఉంది ఏరు.
పగటి మేక గిట్టల గుర్తుల్ని
ఒక్కొక్కటే నింపుకుని, నిలిచి,
తర్వాతి దానికి జరుగుతా ఉంది.

మా ఆయన అలవాటు కొద్దీ టార్చి కొట్టాడు.
ఏమున్నాయి లోపల?
నురగ, ఒక కొబ్బరిచిప్ప, తిరగబడిన పేడపురుగు.
పోనిచ్చాడు.

గట్టుమీద కూర్చున్నాం, తెల్లరాయికి ఇవతలే.
పాదాలు తడిసే దాకా, ఆ తర్వాత కూడా.
ఆయన డ్యూటీ దిగే వేళ అయింది.
నేను బస్సెక్కే వేళ అయింది.
ఇద్దరం కదల్లేదు.

పొద్దున్నే నూరు కోసం బేరమాడిన మనిషి
ఏడు నూర్లు లెక్కపెట్టి చాచాడు:
ఏరొచ్చింది గదన్నా.
చెంగల్రాయుడు ఏటిని చూశాడు, నోట్లని చూశాడు.
"సగం రేత్రికి గదా వచ్చింది. సగమే ఈండి."
మూడు నూర్లు తీసుకున్నాడు.
యాభైకి చిల్లర ఎవరి దగ్గరా లేదు.
"మళ్లీ వచ్చినప్పుడు ఇస్తురు పోండి."

భాకరాపేట కనుమ మలుపుల్లో
నా భుజానికి ఆనుకుని గురక పెట్టాడు, ఆయన కూడా.
చొక్కా జేబులోంచి జారింది బస్సు టికెట్టు.
వెనక పెన్సిలుతో రాసుకున్నాడు:
ఏరు, బాకీ 50.